దిండులోని రసీదు

బర్మాలో ఇన్సేన్ దాటాక, ఊరు ఆగిపోయి గోంగూర మడులు మొదలయ్యే చోట చిలకమ్మ భర్తకు సంచి సర్దుతోంది. రెండు లుంగీలు, బీపీ మాత్రలు, సభలో పెట్టుకోవలసిన పట్టు తలపాగా. సర్దినవన్నీ తీసి, మళ్లీ మొదటినుంచి సర్దింది. ప్రయాణం సంచి కనబడితే చాలు, ఆమెకు తండ్రి గుర్తొస్తాడు.

ఒకప్పుడు అదంతా తుప్పలు పట్టిన బాడవ నేల. దాన్ని నరికి సాగులోకి తెచ్చినవాళ్ల పిల్లల్లో చిలకమ్మ భర్త దండాసి ఒకడు. నిరుడు పేటవాళ్లంతా, తెలుగువాళ్లూ బర్మావాళ్లూ కలిసి, అతన్ని శాసనసభకు గెలిపించారు. ఇప్పుడు ఆ మడులే సర్కారు కొత్త జాబితాలో ‘ఖాళీ భూములు’గా ఎక్కాయి. కాదని నిరూపించకపోతే నలభై రెండు కుటుంబాలు రోడ్డున పడతాయి. అందుకే అతను సాయంత్రం బస్సుకు రాజధాని నేపిడా వెళుతున్నాడు. చేతిలో మాత్రం ఒక్క రుజువూ లేదు.

రుజువులు లేక కాదు. పాత శిస్తు రసీదులు బియ్యం డబ్బాల అడుగున, దేవుడి పటాల వెనక, దిళ్ల దూదిలో ఉన్నాయి. అడిగినవాడికి కాగితం ఇస్తే తిరిగి రాదని పెద్దలు నేర్పారు. అందుకే సర్వేవాడు వచ్చినప్పుడు ఇంటింటా ఒకటే జవాబు: “నేదు బాబూ!” చదివేవారు మా పేటవాళ్లు వెర్రివాళ్లని అనుకోకండి. భయానికీ ఒక చరిత్ర ఉంటుంది.

పేటలోని ధనరాజ్, వరసకు బావమరిది, గుమ్మంలో నిలబడి నవ్వాడు. “గోంగూర కట్టలు కట్టినోడు సట్టాలు కడతాడట! కాయితమేదీ బావా?”

“నీ బియ్యం డబ్బాలో ఉంది. తెత్తావేటి?”

ధనరాజ్ నవ్వు ఆగిపోయింది. దండాసి భార్య వైపు తిరిగాడు. “ఓలే, నీ దిండు ఇప్పవే.”

“మా అయ్య రేవుకాడ అడిగినోడికి గుర్తింపు కార్డు ఇచ్చీసినాడు. నాకు అప్పుడు ఆరేళ్లు. ఈ రసీదొక్కటీ నా సేతిలో ఎట్టి, దాయమన్నాడు. నెల్లాళ్లలో వచ్చీత్తానన్నాడు!”

“దాయమన్నది ఎందుకే? ఏనాటికైనా సూపించడానికే గదా!”

చిలకమ్మ దిండు కుట్టు పళ్లతో కొరికి తెంపింది. మడత పెట్టిన రసీదును తలపాగా మడతలో పెట్టింది. ధనరాజ్ చూశాడు, ఇంటికి వెళ్లాడు, బియ్యం డబ్బా చంకన పెట్టుకొని వచ్చాడు. పక్క మడి బర్మా మనిషి ఆయే ఆయే పరుగెత్తుకొచ్చింది. “ఊ దండాసీ,” అని బర్మా మర్యాదతో పిలిచింది, “మా తాతది కూడా!” బస్సు వేళకు సంచి మూత పడలేదు.

పదిహేను రోజులకు కబురు వచ్చింది. దండాసి నిండు సభలో రసీదులు ఒక్కొక్కటే ఎత్తి చూపి, పేర్లు పైకి చదివాడు. మొదట చదివింది మామ లింగరాజు పేరు. జాబితా మారింది. మడులు సాగుదారుల పేరనే రాశారు.

బస్సు దిగిన దండాసి మెడలో పేటవాళ్లు పూలదండకు బదులు గోంగూర దండ వేశారు. అతను గట్టు మీద నిలబడి రసీదులు ఎవరివి వాళ్లకు పంచాడు.

“దాసుకున్న అక్కు కాయితం ఎలకలపాలు,” అన్నాడు. “నలుగురిలో సూపించిందే మనకు మిగుల్తాది. మీ పిల్లలకు ఇదే సెప్పండి.”

ఇచ్చిన కాగితాలన్నీ తిరిగి వచ్చాయి. చిలకమ్మ తండ్రి లింగరాజు, భారతీయులు దేశం వదిలి పోతున్న రోజుల్లో, 1964 మే నెలలో ఓడ ఎక్కాడు. చేతిలో కార్డు లేని అతను తిరిగి రాలేదు.