టిచ్ బటన్ల చొక్కా

బల్ల మీద ఇరవై ఐదు చిల్లుల చెక్క పలక. పక్కన డబ్బాలో ఇరవై ఐదు చెక్క మేకులు. ఒక్కో మేకూ తీయాలి, ఒక్కో చిల్లులో పెట్టాలి. అదీ పని. ముప్పై ఎనిమిదేళ్లు కోట్లు కత్తిరించిన చేతికి ఇచ్చిన పని! పైగా ఎదురుగా కూర్చున్న అమ్మాయి, "శభాష్ మాస్టారూ, ఇంకొక్కటి" అంటూ ఉంటుంది. అలా అన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండిపోయేది.

"పలకా బలపం కూడా ఇవ్వు తల్లీ, అఆలు దిద్దుకుంటాను" అన్నాను ఒకరోజు.

"ఇస్తాను. ముందు ఈ మేకుల సంగతి చూడండి" అంది. నవ్వనైనా నవ్వలేదు.

నాలుగు నెలల కిందట నాకు పక్షవాతం వచ్చింది. కొట్లో గుడ్డ పరిచి కత్తిరిస్తూ ఉండగానే కత్తెర చేతిలోంచి జారిపోయింది. వంకరపోయిన మూతి నెల తిరక్కుండా సర్దుకుంది. కాలు కొంచెం ఈడుస్తున్నా నా మాట వింటోంది. వినంది కుడి చెయ్యే. వేళ్లు మూసుకోమంటే మూసుకుంటాయి, తెరుచుకోమంటే తెరుచుకోవు. మందులు డాక్టరు ఇస్తాడు, నడక వేరే ఆయన నేర్పుతాడు. చెంచా పట్టుకోవడం, తల దువ్వుకోవడం, చొక్కా తొడుక్కోవడం, ఇలా చేతికి దాని పనులు దానికి మళ్లీ నేర్పేది ఈ అమ్మాయి. ఆక్యుపేషనల్ థెరపిస్టు అంటారట. నేను మాత్రం టీచరమ్మ అనే అంటాను.

టీచరమ్మ పద్ధతి ఏమిటంటే, బాగున్న ఎడమ చేతికి దళసరి తొడుగొకటి తొడిగేస్తుంది, అది అడ్డం దూరి పని కానిచ్చేయకుండా. ఇంటి దగ్గర కూడా రోజూ రెండు గంటలు ఆ తొడుగుతోనే ఉండాలి. నేను ఉంటానా? మా ఆవిడ కొట్టుకి బయల్దేరి వీధి మలుపు తిరిగే లోపే దాన్ని పీకి మంచం కింద పడేసేవాణ్ణి.

నాకు కావలసింది మేకులూ కాదు, చెంచాలూ కాదు. కత్తెర. పదకొండంగుళాల కత్తెర, నా గురువు నా చేతికిచ్చింది. మా వృత్తిలో ఒక కట్టుబాటుంది. కటింగ్ మాస్టరు కత్తెర ఇంకొకరు ముట్టుకోరు. పొరపాటున కూడా దాంతో కాయితం కోయరు. నాలుగు నెలలుగా అది కొట్లో మేకుకి వేలాడుతూనే ఉంది. కటింగ్ బల్ల దగ్గర ఇప్పుడు మా బావమరిది నిలబడుతున్నాడు. మా ఆవిడ ఎప్పటిలాగే కాజాలూ అంచులూ చూసుకుంటోంది.

ఒక ఆదివారం బావమరిది ఇంటికొచ్చాడు. కాసేపు ఆ కబురూ ఈ కబురూ చెప్పి, చివరికి నసిగాడు.

"బావా, కోప్పడనంటే ఒక మాట. నా కత్తెర కోటు గుడ్డకి ఆగట్లేదు. మీది ఊరికే వేలాడుతోంది కదా..."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"వేలాడనీ. నేను పోయాక తీసుకుందువుగాని."

"అదేం మాటండీ? వాడిప్పుడేమన్నాడని?" అంటూ మా ఆవిడ తమ్ముణ్ణి వెనకేసుకొచ్చింది.

"ఏమనాలింకా? రెండు వారాల్లో నేనే వచ్చి కత్తిరిస్తాను. అప్పటిదాకా ఆ కత్తెర జోలికి పోవద్దని చెప్పు మీ తమ్ముడికి!"

తమ్ముడు ఎదురుగానే ఉన్నాడు. అయినా మా ఆవిడకే చెప్పాను. కోపం వస్తే నా వరస అంతే.

మర్నాడు టీచరమ్మని నిలదీశాను. "ఈ పిల్లల ఆటలు ఇంకెన్నాళ్లు? కత్తెర ఎప్పుడు పట్టనిస్తావు?"

ఆమె ఆలోచించింది. "మీ చొక్కా మీరే తొడుక్కుని ఐదు బటన్లూ మూడు నిమిషాల్లో పెట్టుకోండి. ఆ రోజే కత్తెర తెచ్చుకోమంటాను. అంతకుముందు వద్దు. బరువైన వస్తువు, జారిందంటే కాలి మీద పడుతుంది."

బటన్లు! నేను కుట్టిన చొక్కాలకి పెట్టిన బటన్లన్నీ రాశి పోస్తే ఆ గది నిండుతుంది. ఆ రోజు ఇంటికెళ్లి గడియారం ముందు పెట్టుకుని కూర్చున్నాను. మొదటి బటనుకే నాలుగు నిమిషాలు పట్టింది. రెండోది కాజా అంచు దాకా వచ్చి మొండికేసింది. వేలు దాన్ని తోయదు, బొటనవేలు దాన్ని వదలదు. చెమటలు కారాయి, ఏడుపొచ్చింది. చొక్కా విప్పి గోడకేసి కొట్టాను. చొక్కాని కొడితే దానికేం నొప్పి? వెళ్లి మళ్లీ నేనే తీసుకోవాలి, వంగలేక వంగి.

అలా వంగినప్పుడే పుట్టింది ఆ పాడు బుద్ధి.

మా విద్యలో సగం దాచడమే. ఒక భుజం జారినవాడికి లోపల పలచటి మెత్త వేసి రెండూ సమం చేస్తాం. గూని కొంచెం ఉంటే కాలరు ఎత్తి కప్పేస్తాం. లోపల ఏముందో మాకూ ఆ మనిషికీ మాత్రమే తెలియాలి, చూసేవాడికి తెలియకూడదు. ఊళ్లోవాళ్ల వంకరలన్నీ సర్దినవాణ్ణి, నా వంకర నేను సర్దుకోలేనా?

మూడు మధ్యాహ్నాలు పట్టింది. బటన్లు కోసి తీసి, పై పట్టీ మీద సరిగ్గా కాజాల నెత్తినే కుట్టేశాను. చూసేవాడికి అవి కాజాలోంచి వచ్చినట్టే ఉంటాయి. పట్టీ లోపల ఐదు జతల టిచ్ బటన్లు. అదిమితే టప్పున అతుక్కుంటాయి, అంతే. దారం ఎక్కించిన సూదులు మా ఇంట్లో ఎప్పుడూ గుచ్చి ఉంటాయి కాబట్టి ఆ బాధ తప్పింది. సూది ఎడమ చేత్తో పట్టుకున్నాను. కుట్టు ఒకటి తూర్పుకీ ఇంకొకటి పడమరకీ పోయింది. గుడ్డ జారిపోతుంటే పళ్లతో పట్టాను, తొడ కింద పెట్టాను, చివరికి ఎలాగోలా అదిమి పట్టి అయిందనిపించాను. అంత అసహ్యమైన కుట్టు మా కొట్లో ఎవడైనా కుడితే ఆ పూటే ఇంటికి పంపేసేవాణ్ణి.

పరీక్ష రోజు ఆ చొక్కాతోనే కూర్చున్నాను. బటన్లకి రెండు చేతులూ కావాలని ఆ పూట టీచరమ్మ ఎడమ చేతికి తొడుగు వేయలేదు. కుడి వేళ్లతో బటను దగ్గర కాసేపు తచ్చాడినట్టు నటించి, ఎడమ బొటనవేలితో లోపల నొక్కేశాను. ఐదూ అయ్యేసరికి నిమిషం యాభై సెకన్లు.

టీచరమ్మ గడియారం చూసి, నన్ను చూసి, లేచి చప్పట్లు కొట్టింది. మొట్టమొదటిసారి నవ్వింది కూడా. పక్క బల్ల దగ్గరున్న ముసలాయనకి, "చూశారా తాతగారూ, మాస్టారు ఎలా సాధించారో" అని నన్ను చూపించింది. ఫైల్లో పొడుగ్గా ఏదో రాసుకుంది. "గురువారం కత్తెర తెచ్చుకోండి" అంది. గెలిచాననుకున్నాను. అయినా ఆ పూట అన్నం సయించలేదు.

గురువారం కత్తెరని గుడ్డలో చుట్టుకుని, మా ఆవిణ్ణి వెంటబెట్టుకుని వెళ్లాను. చొక్కా కూడా అదే వేసుకున్నాను, నిజం చెప్పాలంటే అదొక్కటే నా అంతట నేను తొడుక్కోగలను. టీచరమ్మ బల్ల మీద పాత గుడ్డ పరిచి సుద్దతో గీత గీసింది.

పిడిలో వేళ్లు దూర్చాను. పట్టు దొరికింది. ఆ చల్లదనం, ఆ బరువు! నాలుగు నెలల తర్వాత మళ్లీ మనిషినయినట్టు అనిపించింది. మూశాను, మూసుకుంది. తెరవాలి. తెరవబోయాను. వేళ్లు కదల్లేదు. భుజం లేచింది, మోచెయ్యి పక్కకి పోయింది, మెడ నరాలు ఉబ్బాయి. కత్తెర నోరు మాత్రం తెరవలేదు.

"నూనె లేక బిగుసుకుంది" అన్నాను.

ఆడలేక మద్దెల ఓడన్నాడట! నెలనెలా నా చేత్తో నూనె వేసుకున్న కత్తెర అది, ఆ పొద్దున కూడా ఎడమ చేత్తో వేశాను. మళ్లీ ప్రయత్నించాను. ఈసారి మొన వాలిపోయి, కత్తెర జారి ఖంగుమని నేల మీద పడింది. గదిలో అందరూ తిరిగి చూశారు.

నేను తిట్లు లంకించుకునేవాణ్ణే. కానీ టీచరమ్మ ముఖం చూసి ఆగిపోయాను. పాలిపోయింది.

"మాస్టారూ, రెండు చేతులూ పైకెత్తండి. నవ్వండి. నాలుక చాపండి." గబగబా అడుగుతోంది. "తలనొప్పి ఉందా? చూపు మసకగా ఉందా? నిన్నటి నుంచి ఏమైనా తేడా తెలిసిందా?"

"ఏమీ లేదమ్మా."

"మొన్న రెండు నిమిషాల్లో ఐదు బటన్లు పెట్టిన చెయ్యి ఇది. ఇవాళ వేళ్లు తెరవలేకపోతోందంటే..." మాట పూర్తి చేయకుండానే ఫోనందుకుంది. "డాక్టరుగారూ, మా పేషెంటుకి మళ్లీ స్ట్రోకేమోనని అనుమానంగా ఉంది. అవునండీ, ఇప్పుడే. వీల్‌చైరు పంపించండి, స్కానుకి తీసుకెళ్లాలి."

దొంగకి తేలు కుట్టినట్టయింది నాకు. అరవనూ లేను, ఊరుకోనూ లేను. ఊరుకుందును కూడానేమో. స్కానులో ఏమీ లేదంటారు, అందరూ అమ్మయ్య అనుకుంటారు, నా గుట్టు నా దగ్గరే ఉంటుంది. అంతలో మా ఆవిడ గోడ పట్టుకుని కిందికి జారిపోయింది.

"మళ్లీనా? అయ్యో, నా వల్లే! పొద్దున బస్సు కోసం పరిగెత్తించాను ఈ మనిషిని. నిదానంగా వెళ్దామన్నా వినలేదు నేను..."

పరిగెత్తించింది తను కాదు, కత్తెర చంకలో పెట్టుకుని, కాలీడ్చుకుంటూనే ముందు పరిగెత్తింది నేనే. ఆ నింద కూడా తనే నెత్తిన వేసుకుంటోంది.

ఇక ఆగలేకపోయాను. ఎడమ చేత్తో చొక్కా పట్టీ పట్టుకుని ఒక్క గుంజు గుంజాను. టప టప టప టప టప. ఐదూ ఊడాయి. పైన కుట్టిన బటన్లు ఎక్కడివక్కడే ఉన్నాయి.

"స్ట్రోకూ లేదు, నా మొహమూ లేదు. మొన్న పెట్టింది బటన్లు కావు. ఇవి" అన్నాను.

టీచరమ్మ ఆ పట్టీ వైపు చూస్తూనే మళ్లీ ఫోనెత్తింది. "వద్దండీ. పొరపాటు... నాదే." ఫోను పెట్టేసి కూర్చుంది. ఆ "నాదే" అన్న మాటకి నాకు తలకొట్టేసినట్టయింది.

"నన్ను మోసం చేస్తే నాకు పోయేదేమీ లేదు మాస్టారూ" అంది కాసేపటికి. "రేపు నిజంగానే వస్తే? ఆయన మళ్లీ నాటకమాడుతున్నారులే అని నేనూరుకుంటే?"

ఈలోపు మా ఆవిడ అందుకుంది. నేల మీంచి లేచి, కొంగుతో ముఖం తుడుచుకుని దులిపేసింది.

"నాలుగు నెలలుగా మీ కోసం దిగులుతో కూడు సయించక చస్తున్నాను. మీరేమో ఇంట్లో కూర్చుని దొంగ బటన్లు కుట్టించుకుంటున్నారా? ఎవరు కుట్టారు, నా తమ్ముడేనా? వాడి సంగతి చెప్తా ఉండండి!" అంటూ పట్టీ తిప్పి చూసింది. చూసి ఆగింది. "కాదు. వాడు ఎంత తాగినా ఇంత వంకరగా కుట్టడు."

"నేనే కుట్టాను" అన్నాను.

టీచరమ్మ తలెత్తింది. "మీరా? ఏ చేత్తో?"

"సూది ఎడమ చేత్తోనే. ఇంకే చేత్తో?"

"మరి గుడ్డ ఎవరు పట్టుకున్నారు?"

ఏదో విసురుగా అనబోయి నోరు మూసుకున్నాను. పళ్లతో కాసేపు పట్టాను, తొడ కింద కాసేపు పెట్టాను. మిగతా అంతా? టీచరమ్మ నా కుడి చెయ్యి లాక్కుని వెలుతురులోకి తిప్పింది. బొటనవేలి మీదా, చూపుడువేలి మీదా సన్నటి సూదిపోట్లు, ఎండిపోయి, నల్లగా. మూడు మధ్యాహ్నాలు ఆ రెండు వేళ్లే గుడ్డని పట్టుకుని ఉన్నాయి. వేళ్ల మధ్య గోరంత టిచ్ బటన్లని కదలకుండా ఆపాయి. నా ధ్యాసంతా సూది మీద, ఆ మోసం మీద ఉంది. నేను చూడనేలేదు.

"నేను చెప్తే పది నిమిషాలు పట్టుకోరు కదా మీరు" అంది టీచరమ్మ. మెచ్చుకోలేదు, తిట్టనూ లేదు. ఫైలు తెరిచి మొన్నటి నిమిషం యాభై సెకన్ల మీద అడ్డంగా గీత గీసింది. "చొక్కా విప్పండి. ఐదు జతల కుట్లూ విప్పాలి. ఇక్కడే, కుడి చేత్తో."

విప్పడం! కుట్టేవాడికి అంతకంటే రోత పని లేదు. కత్తెర తెరవలేని చేత్తో అదెలాగో కూడా టీచరమ్మే చెప్పాలి. ఆ మాటే అనబోయాను. ఈలోపు మా ఆవిడ సంచీలోంచి దారాలు తెంపుకునే చిన్న స్ప్రింగు కత్తెర తీసి బల్ల మీద పెట్టింది.

"ఇది దానంతటదే తెరుచుకుంటుందమ్మా. ఈయన మూస్తే చాలు."

"కాజాలవాళ్ల కత్తెర! ముప్పై ఎనిమిదేళ్లలో దాన్ని ముట్టుకున్నానా నేను?" అన్నాను.

"ఇవాళ ముట్టుకోండి" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

బనియనుతో కూర్చుని మొదలుపెట్టాను. గుడ్డ మా ఆవిడ పట్టుకుంది. మొదటి దారం కింద మొన దూర్చడానికే పది నిమిషాలు. జారింది. మళ్లీ. గుడ్డకి గాటు పడింది. మళ్లీ. నా కుట్లని నేనే తిట్టుకున్నాను, ఇంత దగ్గర దగ్గరగా ఎవడు కుట్టమన్నాడురా అని. చివరికి నొక్కితే కిచ్ మని తెగింది. స్ప్రింగు వేళ్లని వెనక్కి తోసింది, నోరు మళ్లీ తెరుచుకుంది. గంట గడిచేసరికి ఒక్క జతే ఊడింది. ఇంకా నాలుగున్నాయి. నడుం పట్టేసింది, నాకైతే ఆ బల్ల తిరగేసి లేచిపోవాలనిపించింది.

"ఈ పూటకి చాలు. మిగతావి శనివారం" అంది టీచరమ్మ.

మా ఆవిడ నేల మీద పడున్న పెద్ద కత్తెర తీసింది. మొన వంగిందేమోనని వేలితో చూసి, జాగ్రత్తగా గుడ్డలో చుట్టింది. "దీన్ని మళ్లీ మేకుకే తగిలించమంటారా?" అని అడిగింది, నా వైపు చూడకుండా.

బల్ల మీది చిన్న కత్తెరని ఒకసారి నొక్కి వదిలాను.

"మీ తమ్ముడికివ్వు" అన్నాను. "అరువు. ఇచ్చేశానని కాదు, అరువని గట్టిగా చెప్పు. నెలనెలా నూనె వెయ్యమను. కాయితం కోశాడంటే మాత్రం చెయ్యి విరగ్గొడతానని చెప్పు."

"ఏ చేత్తో?" అంది మా ఆవిడ.