పన్నెండో మేకు

కొట్టంలో మేకులు పన్నెండు. ఇనుప ఉచ్చులు పదకొండే వేలాడుతున్నాయి.

"ఏమయ్యా, వేట గడువు నిన్నటితో అయిపోయింది కదా. ఇంకోటి ఏదీ?" అంది భార్య కొరిన్.

అర్మాండ్ అడ్డంగా దొరికిపోయాడు. నలభై ఏళ్లలో ఒక్క ఉచ్చు కూడా అడవిలో వదిలిన మనిషి కాదు. ఉచ్చు పెట్టినచోట కొమ్మకి ఎర్ర ఉన్నిదారం కడతాడు, తీసినప్పుడు విప్పుకుంటాడు. నిన్న సాయంత్రం బురదకుంట పక్కన ఆ దారం ఎంత వెతికినా కనపడలేదు. పొద్దున్నే గుట్టుగా వెళ్లి తెద్దామనుకున్నాడు.

"మర్చిపోయా," అన్నాడు.

మతిమరుపంటే తిట్టి ఊరుకుంటుంది. చూపు తగ్గిందని తెలిస్తే మాత్రం ట్రక్కు తాళాలు లాక్కుంటుంది. తాళాలు పోతే అడవీ పోయినట్టే.

"పద, నేనూ వస్తా," అంది. దారిలో అర్మాండ్ నడుపుతున్న ట్రక్కు పక్కింటివాళ్ల తపాలా పెట్టెను రాసుకుంటూ పోయింది. కొరిన్ వెనక్కి తిరిగి ఆ పెట్టెను చూసింది. అతనికి భయమేసింది.

కుంట చేరకముందే గుర్రుమనే చప్పుడు వినిపించింది. దేవదారులాంటి ఫర్ చెట్టు కింద బాబ్‌క్యాట్, ఆ పొట్టితోక అడవిపిల్లి, చెవులు వెనక్కి అణుచుకుని కూర్చుంది. ముందుకాలు ఉచ్చులో ఉంది. గడువు దాటాక దాన్ని వదిలిపెట్టాల్సిందే.

అడుగున అర్ధచంద్రంలా కోసిన చెక్కపలకను ట్రక్కులోంచి దించాడు. పలకతో పిల్లిని అవతలికి నెడితే పట్టుబడ్డ కాలొక్కటే సందులోంచి ఇవతలికి వస్తుంది. అప్పుడు ఉచ్చుకి రెండువైపులా ఉన్న స్ప్రింగుల మీద బూట్లతో తొక్కాలి.

"గట్టిగా పట్టుకో. వదిలావో, ముందు నా మొహమే పోతుంది."

"అదొక్కటే కదా మిగిలింది, పట్టుకుంటాలే."

అర్మాండ్ వంగాడు. మంచు, ఇనుము, బొచ్చు అన్నీ ఒకటే బూడిదరంగు ముద్ద. ఉజ్జాయింపుగా తొక్కాడు. బూటు జారింది, పలక ఊగింది, పైనుంచి ఒక పంజా వచ్చి అతని చొక్కాచేతిని చీల్చింది.

"అది ఉచ్చు గొలుసయ్యా!" కొరిన్ అరిచింది. "ఎడమకి జరుగు! ఇంకా! ఆఁ, అదే. రెండో స్ప్రింగు నీ ముందే, జానెడు దూరంలో. తొక్కు!"

తొక్కాడు. ఉచ్చు నోరు తెరుచుకుంది, పిల్లి కాలు సందులోంచి అవతలికి పోయింది. కొరిన్ పలక పక్కకి లాగింది. పిల్లి కొంచెం కుంటుతూ పది గంతుల్లో చెట్లలో కలిసిపోయింది. అర్మాండ్‌కి మాత్రం ఏదో బూడిదరంగు కదిలి ఆగినట్టనిపించింది, అంతే.

"పోయిందా?"

కొరిన్ సరిగ్గా అతని మొహం ఎత్తున, తెల్లటి కొమ్మ మీద ఎర్రగా మెరుస్తున్న దారాన్ని విప్పి అతని అరచేతిలో పెట్టింది.

"పోయింది," అంది మెల్లగా. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది అతనికి.

ఉచ్చు భుజాన వేసుకుని ట్రక్కు దాకా నడిచాడు. అలవాటు కొద్దీ డ్రైవరు వైపు తలుపు మీద చెయ్యి వేసి, వెనక్కి తీసుకున్నాడు. ఆ తరువాత జేబులోంచి తాళాలు తీసి ఆమెకిచ్చాడు.

"తపాలా పెట్టె దగ్గర నెమ్మదిగా పోనియ్," అన్నాడు.