సైకిలు బెల్లుకు కట్టిన రిబ్బను

ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో అందరూ సినిమా ముందు కూర్చుంటే, ఆమె ఇస్త్రీబల్ల ముందు నిలబడి చూస్తుంది. ఈసారి మాత్రం సినిమా సరదాకి కాదు. చదువుకునే పిల్లల ప్రేమను మూడు తరాల సినిమాలు ఎలా చూపించాయో రాసుకురమ్మన్నారట, పదిహేనేళ్ళ కూతురి బడిలో.

మొదటిదాంట్లో ఉత్తరాలూ కన్నీళ్ళే. రెండోది ఆమె కాలంది. కుర్రాడు సైకిలు మీద వెంటపడతాడు, పిల్ల వద్దంటుంది, స్నేహితురాలు కలుపుతుంది. కొత్తదాంట్లో కుర్రాడు అడిగాడు, పిల్ల వద్దంది, వాడు తల దించుకుని వెళ్ళిపోయాడు.

"ఇదేం సినిమా! వద్దంటే వెళ్ళిపోవడమేనా? అరగంటలో శుభం కార్డు పడేట్టుంది," అన్నాడు భర్త.

"అమ్మా, నీ కాలం సినిమాలో ఆ అమ్మాయి ఏడుసార్లు వద్దంది. ఒక్కరూ వినలేదేంటి?" అంది కూతురు.

"మీ అమ్మకేం తెలుసే ఇవన్నీ! నా చొక్కా కాలకుండా చూసుకోమను."

చొక్కా కాలలేదు. ఇరవై ఏళ్ళ కాపురంలో ఆమె చేతిలో ఏ చొక్కా కాలలేదు. కానీ ఏమీ తెలియదన్న మాట దగ్గర ఆమె చెయ్యి ఆగింది. తెలుసు. ఆ సినిమా ఆమె నాలుగుసార్లు చూసింది, పదిహేడేళ్ళప్పుడు. చెల్లెలి వెనక ఒక కుర్రాడు సైకిలు మీద తిరుగుతుంటే, "నాకు భయమేస్తోందక్కా, వద్దని చెప్పు," అని చెల్లెలు బతిమాలింది. "పిచ్చిమొద్దూ, ప్రేమంటే అదే," అని నవ్వింది తను. మర్నాడు, సినిమాలో స్నేహితురాలు చేసినట్టే, చెల్లెలి నీలం రిబ్బను తీసుకెళ్ళి వాడి సైకిలు బెల్లుకు కట్టింది. వాడు ఆ రిబ్బను పట్టుకుని నేరుగా ఇంటికే వచ్చాడు. నాన్న ఒక్క మాట అడగలేదు. చెల్లెలి పుస్తకాలు అటకెక్కాయి. "నేనివ్వలేదు నాన్నా," అని అది ఏడుస్తుంటే, తను తలుపు చాటున నిలబడింది. నోరు విప్పలేదు.

రోజూ పొద్దున్నే దేవుడి ముందు దీపం పెట్టి క్షమించమని అడుగుతుంది. ఇన్నేళ్ళూ అడుగుతున్నది ఆయన్నే. దేవుడి చదువేమీ ఆగిపోలేదు కదా అని ఇవాళే తోచింది.

ఇస్త్రీపెట్టె ఆపింది.

"ఇంకా రెండు చొక్కాలున్నాయి," అన్నాడు భర్త.

"ఉండనివ్వండి," అని వంటింట్లోకి వెళ్ళి చెల్లెలికి ఫోను చేసింది. అవతల కుట్టుమిషను చప్పుడు. చెల్లెలికి ఆదివారాలు లేవు, ఎవరివో జాకెట్లు ఎప్పుడూ ఉంటాయి.

"చెప్పక్కా. అందరూ బాగున్నారా?"

"బాగున్నాం. ఆ నీలం రిబ్బను... వాడి సైకిలుకు కట్టింది నేనేనే."

మిషను ఆగింది. తిట్టినా బావుండుననుకుంది.

చెల్లెలు నెమ్మదిగా అంది:

"నీకు చెప్పాను కదక్కా, వద్దని."