నాలుగో రోజు

ఆ చీటీ పన్నెండేళ్లు వెనింగ్ ఇంట్లోనే ఉంది. దాచింది ఆమె మొగుడు. ఇందులో వాదించడానికేమీ లేదు.

జావా తీరంలోని సెమరాంగ్ నగరపు ఉత్తర వీధుల్లో పున్నమి వచ్చిందంటే సముద్రం పోటెత్తి ఇళ్లలోకి వస్తుంది. నీళ్లు గుమ్మం దాటేలోపు సామానంతా ఎత్తి పెట్టాలి. బియ్యం డబ్బా, పరుపులు, అత్తగారి మందులు, మొగుడి పాత కేసుల కట్టలు. పాతికేళ్లుగా అది వెనింగ్ పని. ఆ పొద్దున ఆమె మొగుడు హర్జోనో లాయర్ల సంఘం సమావేశానికని జకార్తాలో ఉన్నాడు. ఆమె వంటింట్లోంచి వచ్చేసరికే అతని బీరువా కింది అర తడిసిపోయింది. కట్టలు విప్పి కాగితాలు కిటికీ గట్టు మీద ఆరబెడుతుంటే, కర్సిది పేరున్న కట్టలోంచి ఒక చక్కెర కవరు జారింది. లోపల క్లినిక్ చీటీ. కుడి అరచేతికి ఆరు కుట్లు, ఉదయం ఏడు గంటలు.

హత్య జరిగింది అదే రోజు తొమ్మిదింటికి. చేపల వ్యాపారిని పొడుస్తుంటే కత్తి తగిలి కర్సిది చెయ్యి తెగిందని పోలీసులన్నారు. కోర్టు నమ్మి, రేవులో బుట్టలు మోసే కర్సిదికి ఇరవై ఏళ్లు వేసింది. లాయరును పెట్టుకోలేని అతనికి అప్పట్లో కోర్టు ఇచ్చిన లాయరు హర్జోనో.

పాదాలు నీళ్లలోనే ఉంచి వెనింగ్ స్టూలు మీద కూర్చుండిపోయింది. చేయని నేరానికి జైలుకు పోయినవాళ్లను బయటికి తేవడం లాయరుగా ఆమె వృత్తి. పదిహేడేళ్లలో నలుగురిని తెచ్చింది. ఇంట్లో దాన్నెవరూ వృత్తి అనలేదు. "ఇంట్లో ఒకళ్లు సంపాదించాలి, ఒకళ్లు పుణ్యం చేసుకోవాలి" అని విందుల్లో హర్జోనో అందరినీ నవ్వించేవాడు. "జైల్లో ఎవడు తిన్నాడో తినలేదో మా కోడలికి బాగా తెలుసు, ఇంట్లోవాళ్ల సంగతే తెలీదు" అని అత్త వచ్చినవాళ్లందరికీ చెప్పేది. ఆ అత్తకు మూడు పూటలకూ సరిపడా వండిపెట్టి, మొగుడి నల్లకోటు ఇస్త్రీ చేసి, ఆ తర్వాతే తన కోర్టుకు తాను పోయేది. అతని వాదనలు కూడా ఆమే టైపు చేసేది. కర్సిది కేసులోనూ చేసింది. "గాయం విషయమై మా వద్ద ఆధారమేదీ లేదు" అన్న వాక్యం ఆమె వేళ్ల మీదుగానే పోయింది. నాలుగేళ్ల కిందట కర్సిది తల్లి సరింతెన్ తన దగ్గరకొచ్చి, క్లినిక్ చీటీ చక్కెర కవర్లో పెట్టి లాయరు చేతికే ఇచ్చానమ్మా అంది. మీ ఆయనకే ఇచ్చానని కూడా అంది. వెనింగ్ ఆ రాత్రి మొగుణ్ణి అడిగింది. అతను అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటూ, ముసలిది కలగంటోంది అన్నాడు. నమ్మింది. ఎక్కడో పెట్టి మరిచిపోయి ఉంటారు, ఇంకోసారి వెతకండి అని నాలుగేళ్లుగా ఆ ముసలామెకు నెమ్మదిగా నచ్చజెబుతూనే ఉంది. ఆ మాట విని ముసలామె తన ఇంటి కప్పు తాటాకులు కూడా ఊడదీసి వెతికింది. ఎవరి మాట నిజమో తేల్చడమే పనిగా బతికిన మనిషి, ఇంట్లో మాత్రం విచారణ లేకుండానే తీర్పు చెప్పింది.

హర్జోనో వచ్చాక చీటీ అతని ముందు పెట్టింది. అతను అబద్ధమాడలేదు.

"అప్పుడు చదవలేదు, కట్టలో పడేశాను. తీర్పయ్యాక చూశాను. అప్పటికి చేసేదేముంది?"

"తీర్పయ్యాక ఎన్నాళ్లకి?"

అతను కళ్లజోడు తీసి తుడిచాడు.

"ఎన్నాళ్లకి చూశారు?"

"నాలుగో రోజు."

అప్పీలుకు గడువు ఏడు రోజులు.

కేసు మళ్లీ తెరవాలంటే కొత్త ఆధారం దొరికినవాళ్లే కోర్టులో ప్రమాణం చేయాలి. ఎవరికి, ఎప్పుడు, ఎక్కడ దొరికిందో చెప్పాలి. హర్జోనో దానికీ దారి చూపించాడు. ముసలామె చేతే ప్రమాణం చేయించమన్నాడు. తన ఇంట్లోనే దొరికిందని ఆమె అంటే సరిపోతుందన్నాడు. వచ్చే నెల సంఘం అధ్యక్ష పదవికి ఎన్నిక, అతను పోటీలో ఉన్నాడు. "ఎలాగైనా వాడు బయటికొస్తాడుగా. నీకు కావలసింది అదేగా?" అన్నాడు. మొగుడి బట్టలు కోర్టులో విప్పే ఆడదాన్ని మా వంశంలో చూడలేదని అత్త గోడతో చెప్పినట్టు చెప్పింది. వారం రోజులు ఆ ఇంట్లో ఆమెతో ఎవరూ మాట్లాడలేదు. వంట మాత్రం తిన్నారు.

వెనింగ్ రేవుకు వెళ్లి, ఎండుచేపలు తిరగేస్తున్న సరింతెన్ పక్కన కూర్చుని దొరికిన సంగతంతా చెప్పింది. క్షమించమంది. మొగుడు చెప్పిన దారి కూడా దాచకుండా చెప్పింది. ముసలామె ఏడవలేదు. చేతులు కొంగుకు తుడుచుకుంది.

"మీరెట్టా చెప్పమంటే అట్టా చెప్తాను లాయరమ్మా. ఇచ్చానని పన్నెండేళ్లు చెప్పాను, ఒక్కరూ నమ్మలేదు. నా దగ్గరే ఉండిపోయిందని చెప్తే టక్కున నమ్ముతారులే."

ఆ మాటతో తేలిపోయింది. కొడుకు ఏ దారినైనా బయటికొస్తాడు. తల్లి మాత్రం కన్నకొడుకును మతిమరుపుతో జైలుకు పంపిన మనిషిగా మిగిలిపోతుంది, అదీ తన నోటితో తనే ఒప్పుకుని.

విచారణ నాడు హర్జోనో వెనక వరుసలో కూర్చున్నాడు. గుమాస్తా వెనింగ్ తల మీదుగా ఖురాన్ పట్టుకున్నాడు. ఆమె ప్రమాణం చేసింది. ఎక్కడ దొరికిందని జడ్జి అడిగాడు.

"మా ఇంట్లో. నా భర్త హర్జోనో బీరువాలో. పన్నెండేళ్ల కిందట ఈ సరింతెనే ఆయన చేతికిచ్చింది."

రాసుకుంటున్న గుమాస్తా తలెత్తి చూశాడు. మళ్లీ చెప్పమన్నట్టు జడ్జి కూడా చూశాడు. మార్చకుండా అదే చెప్పింది.

ఆ సాయంత్రమే తన ఆఫీసు వెనక గదిలోకి మారింది. తొమ్మిది నెలలకు కర్సిది విడుదలయ్యాడు. పత్రికలవాళ్లు వచ్చారు, స్నేహితురాళ్లు వచ్చారు. అందరికీ టీ ఇచ్చి కర్సిది గురించి చెప్పింది. మొగుడి గురించి అడిగితే కప్పులు తీసుకుని లోపలికి వెళ్లిపోయేది.

చివరికి హర్జోనో వచ్చాడు. పదవి రాలేదు, మనిషి చిక్కిపోయాడు. ఒక్కసారి కూర్చుని మాట్లాడుకుందామన్నాడు. ఆ నాలుగో రోజు తనకేమైందో ఆమెకు చెప్పాలన్నాడు.

వెనింగ్ గుమ్మంలోనే నిలబడింది.

"దాని గురించి చెప్పాల్సింది ప్రమాణం చేసి చెప్పాను. ఇక నేను చెప్పను, వినను. వెళ్లండి."