విరాళం గ్రేడు హెల్మెట్లు

హెల్మెట్ల ఫ్యాక్టరీలో అందరూ తయారుచేస్తారు, గుండక్క ఒక్కతే పగలగొడుతుంది. అదే ఆమె ఉద్యోగం. ఇనుముతో చేసిన బోడి తల ఒకటుంటుంది. దానికి హెల్మెట్ తొడిగి, పైనుంచి ఐదు కిలోల ఇనప గుండు వదలాలి. దెబ్బ లోపలికి ఎంత దిగిందో పక్కనే ముల్లు చూపిస్తుంది. ముల్లు ఎర్రగీత దాటితే లాట్ మొత్తం రిజెక్టు. రిజెక్టయిన ప్రతి హెల్మెట్‌నీ రంపం కింద పెట్టి రెండు ముక్కలు చెయ్యాలి, ఎవడూ పొరపాటున కూడా నెత్తిన పెట్టుకోకుండా. పదకొండేళ్ళలో ఆ ఇనప తల తిన్నన్ని దెబ్బలు చరిత్రలో ఏ సైన్యమూ తినలేదు. పాపం, ఒక్కరోజు సెలవు కూడా అడగలేదు.

ఆ సోమవారం ఆరువందల యాభై హెల్మెట్ల లాట్ వచ్చింది. గుండక్క గుండు వదిలింది. ముల్లు ఎర్రగీత దాటింది, అంకెలన్నీ దాటింది, ఇంకాస్త చోటుంటే గేటు కూడా దాటి బస్సెక్కేది. ఇంకో తొమ్మిదింటి మీద వదిలి చూసింది. అదే వరస. లోపలి థర్మాకోల్ నొక్కితే వేలు దిగిపోతోంది. ఎందుకో కనిపెట్టడానికి పోలీసు కుక్క అక్కర్లేదు. ఓవెన్‌లో తొమ్మిది నిమిషాలు ఉడకాల్సిన థర్మాకోల్‌ని ఆరు నిమిషాలకే దించెయ్యమన్నాడు, కొత్తగా వచ్చిన స్ట్రాటజీ సార్. గంటకి ఎక్కువ హెల్మెట్లు వస్తాయట. నిజమే, వచ్చాయి.

లాట్ మీద ఎర్రముద్ర కొట్టి, ట్రాలీ తోసుకుంటూ రంపం గదికి వెళ్తే తలుపుకి తాళం. తాళం ముందు స్ట్రాటజీ సార్, లాప్‌టాప్‌ని చంటిపిల్లాడిలా చంకనేసుకుని.

“కొయ్యొద్దమ్మా,” అన్నాడు. “కోస్తే చెత్త. పంచితే సేవ.”

“ఎవరికి సార్?”

“పార్సిళ్ళు మోసేవాళ్ళు, పాలు వేసేవాళ్ళు, పాపం అలాంటివాళ్ళకి. శనివారం మన ఆవరణలోనే పంపిణీ. దీన్నే సామాజిక బాధ్యత అంటారు. పేపర్లో ఫొటో పడుతుంది, కంపెనీకి పేరొస్తుంది, సరుకు కదిలిపోతుంది. ఒకే పనికి మూడు లాభాలు.”

“తలలు ఎన్ని సార్?”

ఆ ప్రశ్న ఆయనకి వినపడలేదు. చెవులు బాగానే ఉన్నాయి, అయినా వినపడలేదు. ఫైల్లోంచి కాగితం తీశాడు. ‘రిజెక్టు’ అన్న మాట కొట్టేసి, పైన ముత్యాల్లాంటి అక్షరాలతో ‘విరాళం గ్రేడు’ అని రాసి ఉంది.

“ఇక్కడో చిన్న సంతకం.”

“విరాళం గ్రేడంటే ఏంటి సార్? వీళ్ళు పడ్డప్పుడు రోడ్డు కాస్త మెత్తగా ఉంటుందా?”

“ఇవన్నీ మీ స్థాయి విషయాలు కావమ్మా.”

“సంతకం మాత్రం నా స్థాయేనా?”

ఆయన మొహం మాడిపోయింది. పెన్ను లాక్కుని తనే గీకేసుకున్నాడు.

మర్నాడు గుండక్క ఓనరుగారి గదికి వెళ్ళింది. ఆయన కుడిచెవి దగ్గర ఒక ఫోను, ఎడమచెవి దగ్గర ఇంకో ఫోను. మూడో చెవి లేదు కాబట్టి ఆమె చెప్పింది ఎటు పోవాలో తెలీక గాల్లోనే ఉండిపోయింది. “శనివారం ఫంక్షన్ అయ్యాక మాట్లాడదాం తల్లీ,” అన్నాడు, చాలా ప్రేమగా.

ఇంటికెళ్తే గుమ్మంలోనే మరిది ఎదురొచ్చాడు. మొగుడి తమ్ముడు. బండి మీద పార్సిళ్ళు పంచుతాడు. చేతిలో టోకెను. దాన్ని అప్పటికే మూడంతస్తుల్లోనూ అందరికీ చూపించేశాడు, ఇళ్ళల్లో లేనివాళ్ళకి తలుపు సందులోంచి.

“వదినా, ఫ్రీ హెల్మెట్! నాలుగువందల పన్నెండో నంబరు! మీ కంపెనీదే!”

“చింపెయ్.”

“కుళ్ళా? నా పాతదాని పట్టీ తెగిపోతే బూటు లేసుతో కట్టుకు తిరుగుతున్నా. ఏదో ఒకటి, లేనిదానికంటే నయమేగా.”

“లేకపోతే భయపడి నెమ్మదిగా పోతావు. ఇది నెత్తిన ఉంటే కాపాడుతుందని నమ్మి దూసుకుపోతావు.”

కూర్చోబెట్టి అంతా చెప్పింది. ముల్లు, ఓవెన్, తాళం, సంతకం. మరిదికి నవ్వు ఎప్పుడు పోయిందో వాడికే తెలీదు. టోకెన్ని రెండుగా చింపి, ఆ ముక్కల వంక చూస్తూ అన్నాడు:

“నాకంటే వదిన ఉంది. మిగతా ఆరువందల ముప్ఫై తొమ్మిది మందికి ఎవరున్నారు?”

గుండక్క ఆ పూట అంట్లు తోముతూ కూర్చుంది. కోపం గిన్నెల మీద చూపించింది. మర్నాటి నుంచి కింది అంతస్తువాళ్ళు అలారం పెట్టుకోవడం మానేశారు.

శనివారం ఫ్యాక్టరీ ఆవరణ నిండా కుర్చీలు. ప్రతి ఒళ్ళోనూ ఓ కొత్త హెల్మెట్, తళతళా మెరుస్తూ. మెరవడంలో ఏ లోటూ లేదు. మరిది ఆఖరి వరసలో నిలబడ్డాడు. స్టేజీ మీద ఓనరుగారు మైకు పట్టుకుని గొంతు గద్గదం చేసుకున్నారు.

“నా కన్నబిడ్డ తలకి ఏది పెడతానో, అదే మీకిస్తున్నా!”

చప్పట్లు. కన్నబిడ్డ ముందు వరసలోనే ఉన్నాడు. కారులో వచ్చాడు.

సరిగ్గా అప్పుడే ట్రాలీ కిరకిరమంటూ వచ్చింది. దాని మీద ఇనప తల, గుండు. వెనక గుండక్క, చీర కొంగు బిగించి. ప్రోగ్రాంలో ఇదీ భాగమేననుకుని ఇద్దరు పెద్దమనుషులు లేచి ట్రాలీని స్టేజీ ఎక్కించారు. ఫొటోగ్రాఫర్ పరిగెత్తుకొచ్చాడు.

“మనది ఎంత గట్టి సరుకో డెమో చూపిద్దాం సార్,” అంది గుండక్క ఓనరుగారితో. “కాకపోతే ఇనప తల అంటే జనం నమ్మరు. మనిషి తలయితే బాగుంటుంది. దీనికి సంతకం పెట్టిన సార్ ఇక్కడే ఉన్నారుగా.”

“భేష్!” అన్నారు ఓనరుగారు. ఆయనకి ఫొటోలంటే ప్రాణం. “వేసుకోవయ్యా!”

ముందు వరసలోంచి ఎవరో ఓ హెల్మెట్ అందించారు. అది స్ట్రాటజీ సార్ నెత్తికెక్కింది. ఆయన కెమెరా వైపు పళ్ళన్నీ పెట్టి నవ్వాడు. గుండక్క గుండుని రెండు చేతులా తల పైదాకా ఎత్తింది. దించే ఉద్దేశం ఆమెకి లేదు. ఆ సంగతి సార్‌కి తెలీదు.

“వద్దు! ఇది ఆ లాట్‌ది! షోరూముకి పంపే లాట్‌ది తెప్పించండి!” అని అరిచాడు.

కార్యక్రమం నడపడానికి సార్ కాలరుకి తగిలించుకున్న మైకు తన పని తను చేసింది. ఆవరణ నాలుగు మూలలకీ, గేటు బయట టీకొట్టుకీ, అవతలి బస్టాపుకీ ముక్క పోకుండా అందించింది.

సార్ హెల్మెట్ ఊడబెరికి పారేశాడు. గుండక్క దాన్ని తీసి, ఇనప తలకి తొడిగి, గుండు వదిలింది. హెల్మెట్ గుడ్డు పెంకులా పగిలిపోయింది.

“ఆ రోజు కొయ్యాల్సినవి ఇవే,” అంది. మైకు లేకుండానే. “మీ తలలు చవకని లెక్కేసుకున్నారు.”

మొదట ఒక పాలాయన లేచి తన హెల్మెట్ తెచ్చి స్టేజీ ముందు పడేశాడు. తర్వాత పది మంది. తర్వాత వరసలకి వరసలే. “కోసేదాకా కదలం!” అని ఆఖరి వరసలోంచి అరుపు. ఎవరి గొంతో గుండక్కకి చూడకుండానే తెలుసు.

ఓనరుగారు ఫొటోగ్రాఫర్ వంక చూశారు. జనం వంక చూశారు. జేబులోంచి రంపం గది తాళంచెవి తీసి పైకెత్తి పట్టుకుని, అరక్షణంలో గొంతు మళ్ళీ గద్గదం చేసుకున్నారు. “మీకు ఇదే చూపించాలనుకున్నాను! తేడా వస్తే మా సరుకుని మేమే నరికేస్తాం!”

సాయంత్రందాకా రంపం ఆగలేదు. ఆరువందల నలభై లెక్కపెట్టుకుని మరీ వెళ్ళారు.

వారం తిరిగేసరికి ఊరంతా పోస్టర్లు. ‘మీ తల కోసం, ప్రతి లాట్‌నీ పగలగొట్టి చూస్తాం.’ బొమ్మలో ఓనరుగారు గుండు తనే మోస్తున్నట్టు నవ్వుతున్నారు. కింద గుండుని మోసిన చేతులు గుండక్కవి. మోచేతుల పైన ఆమెని కత్తిరించేశారు. అమ్మకాలు రెట్టింపయ్యాయి. బాధ్యత గల కంపెనీ అని ఎవరో షీల్డు ఇచ్చారు. దాన్ని అందుకోవడానికి వెళ్ళింది స్ట్రాటజీ సార్, కొత్త కోటు వేసుకుని.

గుండక్క గోడ మీంచి ఓ పోస్టరు ఒలుచుకుని ఓనరుగారి బల్ల మీద పరిచింది.

“ఇంకా ఎందుకు తల్లీ ఆ మొహం? అంతా మంచే జరిగిందిగా.”

“ప్రతి లాట్ అని వేశారు సార్. మనం పగలగొట్టి చూసేది ఐదు లాట్లలో ఒకటి.”

“పోస్టరన్నాక కాస్త అటూ ఇటూ...”

“ఆ రోజు వచ్చినవాళ్ళందరి ఫోన్లలో ఈ పోస్టరు ఉంది. లెక్క చూపించమని అడుగుతున్నారు.” తను రాసి తెచ్చిన కాగితం పోస్టరు మీద పెట్టింది. ప్రతి లాట్‌కీ పరీక్ష. ఓవెన్‌లో తొమ్మిది నిమిషాలు. రంపం గదికి తాళం ఉండదు.

ఆయన చాలాసేపు కాగితాన్నీ, పోస్టర్లోని తన నవ్వునీ మార్చి మార్చి చూసుకున్నారు. సంతకం పెట్టారు. పెట్టి, “చూశావా, మంచితనంలోనే వ్యాపారం ఉందని నేనెప్పుడూ చెబుతుంటా,” అన్నారు.

ఆయన ఎప్పుడూ చెప్పలేదు. గుండక్క సిరా ఆరేదాకా కాగితం మీద ఊదింది. థాంక్స్ చెప్పలేదు. తలుపు మాత్రం ఎంత గట్టిగా వేసిందంటే, బయట స్టూలు మీద కునుకుతున్న ప్యూను లేచి నిలబడి జీతం పెంచమని అడిగేశాడు.