ఎలైహు స్ప్రేగ్ ఇల్లు, 1836

మా ఊళ్ళో మనుషులు పోయినా ఇళ్ళు వాళ్ళ పేరు వదలవు. మీరు ఒక ఇంట్లో నలభై ఏళ్ళు కాపరం చేసి, పిల్లల్ని కని, కప్పు మూడుసార్లు మార్పించినా సరే, అది టటిల్ వాళ్ళిల్లే. ఆ టటిల్ ఎవడో 1841లో నాలుగు మేకులు కొట్టి పోయుంటాడు, అంతే. తలుపు పక్కన తెల్ల చెక్క పలక, దాని మీద నల్ల అక్షరాలతో వాడి పేరూ, సంవత్సరమూ ఉంటాయి. ఆ పలకలిచ్చే సంఘానికి ఇరవై ఆరేళ్ళుగా అధ్యక్షురాలిని నేనే. పేరు వెల్మా స్ప్రేగ్. మా ఊరు నార్త్ హార్లోకి మొదట గొడ్డలి పట్టుకుని వచ్చిన ఎలైహు స్ప్రేగ్ మా ఆయనకి ముత్తాత. కొండమీది పెద్ద తెల్లిల్లు మాదే. ఎలైహు స్ప్రేగ్ ఇల్లు, 1836 అని మొట్టమొదటి పలక దానికే కొట్టించాను. "ఎందుకే అంత ఆత్రం, ఇల్లేమైనా నడిచిపోతుందా" అని మా ఆయన నవ్వాడు. నవ్వితే నవ్వాడులే అనుకున్నాను.

కొండ కింద, మూతబడ్డ తోళ్ళ కార్ఖానా పక్కన, ఆర్డిస్ ప్లమ్లీ ఇల్లుంది. చిన్నది, రంగు వెలిసిపోయింది. ముందు తలుపు వీధివైపు కాక పక్కింటి గోడవైపు ఉంటుంది. ఆర్డిసూ నేనూ బళ్ళో ఒకే బెంచీ. "మీ ఇల్లు అలిగి అటు తిరిగి కూర్చుందే" అని దాన్ని ఏడిపించేదాన్ని. ఇల్లు ఆర్డిస్‌ది, నేల కార్ఖానాది. కార్ఖానా పోయాక నేల ఊరిదయింది. 1978లో ఊరికి కొత్త ఫైరింజన్ వచ్చింది. దానికి షెడ్డు కావాలి, షెడ్డుకి ఆ నేల కావాలి. మార్చి మొదటి మంగళవారం ఊరి సభలో చేతులెత్తి తేల్చేస్తారు. ఆర్డిస్‌కి డెబ్భై నాలుగేళ్ళు, ఇంకో గూడు లేదు.

ఒక్కటే అడ్డు. 1850కి ముందుదని మా సంఘం తేల్చి పలక కొట్టిన ఇంటిని పడగొట్టకూడదని ఊరి చట్టం. అందుకని సభ నడిపే హోలిస్ టటిల్ నాకు చీటీ పంపాడు, ఆ ఇల్లు ఎప్పటిదో చూసి చెప్పమని. నేను దస్తావేజులు తిరగేశాను. 1872 దాకా అక్కడ ఖాళీ నేల. "1872. పలకకి అర్హత లేదు" అని రాసి సంతకం పెట్టాను. ఇంటికి వెళ్ళి చూడలేదు. మా పద్ధతిలో కాగితమే సాక్ష్యం. మనుషులు చెప్పేవి పుక్కిటి పురాణాలని కొత్త సభ్యులకి పాఠం చెప్పేదాన్ని నేనే.

ఫిబ్రవరిలో ఆర్డిస్ గిన్నె తిరిగిచ్చెయ్యాలని గుర్తొచ్చింది. ఆపిల్ పై, అదే ఆపిల్ ముక్కలు కూరిన తీపి రొట్టె, చేసి పంపిన గిన్నె. ఖాళీ గిన్నె తిరిగివ్వడం మా దగ్గర మర్యాద కాదు. అందులో ఉడికించిన బీన్సు పోసుకుని వెళ్ళాను. ఆర్డిస్ అటక నిచ్చెన ఎక్కి ఉంది.

"వచ్చావా, మంచి సమయానికే వచ్చావు. పైన కారుతోంది. ఆ లాంతరు పట్టుకో."

"పడగొట్టే ఇంటికి కారితే ఎంత, కారకపోతే ఎంత" అనబోయి నాలుక కరుచుకున్నాను. నోరు పారేసుకోవడం నాకు పుట్టుకతో వచ్చింది.

అటక మీద లాంతరు పైకెత్తాను. దూలాలు గొడ్డలితో చెక్కినవి. మేకు అన్నది లేదు, అన్నీ కర్ర సీలలే. ఒక్కో అతుకు దగ్గరా ఉలితో గీతలు చెక్కి ఉన్నాయి: ఒకటి, రెండు, మూడు, ఆ తర్వాత అడ్డగీత. ఏ దూలం ఏ స్తంభానికో తెలియడానికి పాతకాలం వడ్రంగులు పెట్టుకునే గుర్తులవి. 1872 నాటికి రంపం మిల్లు చెక్క, పెట్టెలకొద్దీ మేకులు వచ్చేశాయి. అప్పుడు ఇలా కట్టేవాడు పిచ్చివాడై ఉండాలి. కాగితమేమో 1872 అంటోంది.

కిందికి దిగి వంటింట్లో తివాచీ మడిచాను. ఆర్డిస్ చూస్తూ నిలబడింది. గది మధ్య నేలలో వేరే చెక్కతో వేసిన అతుకు ఉంది. తొమ్మిదడుగుల పొడుగు, ఏడడుగుల వెడల్పు. ఒకప్పుడు పెద్ద రాతి పొయ్యీ, పొగగొట్టమూ ఉన్న చోటది. ఇప్పుడక్కడ ఏమీ లేదు. ఇనప పొయ్యి గోడ పక్కన ఉంది.

మా ఇంటి నేలమాళిగలో ఒక రాతి దిమ్మ ఉంది. దాని మీద ఏమీ కట్టలేదు. ఎందుకుందో ఎవరికీ తెలియదు. ఇన్నేళ్ళూ దాని మీద ఆపిల్ జామ్ సీసాలు పెట్టుకున్నాను. దాని పొడుగూ వెడల్పూ కొలవక్కర్లేదు, రోజూ తుడిచేదాన్ని కదా. అయినా ఇంటికి వెళ్ళి టేపు పట్టాను. తొమ్మిది, ఏడు. ఆర్డిస్ వంటింట్లో లేని ఆ రాతి పొయ్యికి పునాది ఈ దిమ్మే.

మళ్ళీ కొండ దిగాను. ఆర్డిస్ నా బీన్సు తింటోంది.

"ఈ ఇల్లు ఎక్కణ్ణుంచి వచ్చిందే?" అన్నాను.

"మీ దొడ్లోంచి" అంది. "మీ ఆయన తాత ఆరిన్‌కి అదే చోట పెద్ద ఇల్లు కట్టుకోవాలని బుద్ధి పుట్టింది. మా తాత వాళ్ళ పాలేరు. పాతిల్లు లాక్కుపోగలిగితే నీదేరా అన్నాడట. మంచు గడ్డకట్టాక పొగగొట్టం పడేసి, కింద దుంగలు పెట్టి, ఇరవై రెండు జతల ఎద్దుల్ని కట్టి కొండ దింపాడు మా తాత. మా నాయనమ్మ లోపల కూర్చుని మేజోళ్ళు అల్లుతూనే ఉందట. ఒక్క కుట్టు జారలేదట. కింద మలుపులో ఎద్దులు మొరాయించాయి. ఇల్లు ఎటు తిరిగి ఆగిందో అటే ఉండిపోయింది."

నేల దస్తావేజు నేలతోనే ఉంటుంది. ఇల్లు లేచి వెళ్ళిపోతే అది చెప్పదు. ఈ కొండల్లో ఇళ్ళు లాక్కెళ్ళడం కొత్తేమీ కాదు. అయినా నాకు తట్టలేదు. తట్టాలని నేననుకోలేదేమో.

"ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదే?"

"నువ్వడిగావా? మీ ఫారంలో దస్తావేజు నంబరుకి గడి ఉంది. మనిషిని అడిగే గడి లేదు." ఇంకో చెంచా తిని అంది, "నీకు తెలుసనే అనుకున్నాను వెల్మా. తెలిసీ ఊరుకున్నావనుకున్నాను."

నాకు తల కొట్టేసినట్టయింది. "అంత నీచురాలిననుకుని నాకు ఆపిల్ పై చేసి ఎందుకు పంపావు?"

"ఆపిల్స్ కుళ్ళిపోతుంటే పంపాను."

నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. "సభలో చెప్తాను. పలక నీ ఇంటికి వస్తుంది. ఇంక ఎవడూ ముట్టుకోలేడు" అన్నాను.

ఆర్డిస్ చెంచా కింద పెట్టింది. "పలక మీద ఎవరి పేరుంటుంది?"

"మొదట ఉన్నవాళ్ళది. ఎలైహు స్ప్రేగ్‌ది. అది నియమం."

"ఆయన ఇందులో ముప్ఫై ఆరేళ్ళున్నాడు. మేం నూట ఆరేళ్ళున్నాం. మా వాళ్ళు ఏడుగురు ఇందులోనే పుట్టారు, నలుగురు ఇందులోనే పోయారు. ఎవరు రాశారు ఆ నియమం?"

"నేనే."

ఆర్డిస్ కప్పు వైపు చూసింది. కారుతున్న చుక్కలు బకెట్లో పడుతున్నాయి. "లాక్కొచ్చి మాది చేసుకున్నాం. ఇప్పుడు నిలబడాలంటే మళ్ళీ మీది కావాలన్నమాట" అంది. మడిచిన తివాచీ మళ్ళీ పరిచాను. "చెప్పుకో పో" అంది చివరికి. "నేనెక్కడికి పోతాను."

నియమం మార్చాలని సంఘంలో అడిగాను. ఒక్క ఇంటికి మారిస్తే నలభై ఇళ్ళవాళ్ళూ వస్తారన్నారు. ఆ మాట కూడా ఒకప్పుడు నేను నేర్పిందే. నాలుగు ఓట్లు అటు, ఒకటి ఇటు.

మంగళవారం పొద్దున మా తలుపు పక్కన పలక మేకులు నేనే ఊడదీశాను. గిన్నెలు తుడిచే గుడ్డలో చుట్టి సభకి తీసుకెళ్ళి, హోలిస్ బల్ల మీద పెట్టాను.

"వెల్మా గారూ, ఇది మీ ఇంటిది కదండీ" అన్నాడు.

"మా ఇంటిది కాదు నాయనా. అదే చెప్పడానికొచ్చాను."

అంతా చెప్పాను. దూలాల గుర్తులు, వంటింటి అతుకు, జామ్ సీసాలు, ఎద్దులు. నేను చూడకుండా సంతకం పెట్టానని కూడా చెప్పాను. ఇరవై ఆరేళ్ళలో ఆ గదిలో నేను తప్పు ఒప్పుకోవడం అదే మొదలు, కాబట్టి చాలా శ్రద్ధగా విన్నారు. వెనక బెంచీ నుంచి ఎవరో "అయితే మీది కొత్తిల్లాండీ" అన్నారు. నవ్వారు. నవ్వనిచ్చాను. ఇల్లు ఉంచాలన్నవాళ్ళు చేతులెత్తమంటే ఫైరింజన్ వాళ్ళు తప్ప అందరూ ఎత్తారు. షెడ్డు ఇంకో చోటికి పోయింది. ఆర్డిస్ చెయ్యెత్తలేదు. మధ్యాహ్నం భోజనాల దగ్గర అందరికీ కాఫీ పోసింది, నాకూ పోసింది.

ఏప్రిల్‌లో హోలిస్ వెళ్ళి ఆర్డిస్ తలుపు పక్కన పలక కొట్టాడు. ఎలైహు స్ప్రేగ్ ఇల్లు, 1836. మర్నాడు అటు వెళ్తే పలక కనిపించలేదు. దాని మీద, దాని మేకుకే, క్రిస్మస్‌కి తలుపుకి కట్టే దేవదారు కొమ్మల దండ వేలాడుతోంది. పోయిన డిసెంబరుది. అప్పటికే ఎర్రబడింది.

జూన్ వచ్చింది. దండ తియ్యలేదు. ఆగస్టుకి ఆకులు రాలి పుల్లలు మిగిలాయి, వాటి సందుల్లోంచి "స్ప్రేగ్" అన్న ముక్క కనబడటం మొదలుపెట్టింది. పలక దారిన పోయేవాళ్ళకి స్పష్టంగా కనబడాలి, లేకపోతే సంఘం ఉత్తరం రాసి వెనక్కి తీసుకోవచ్చు. అది ఏడో నియమం. అదీ నేను రాసిందే. సంఘంలో అడిగారు, ఉత్తరం రాశావా అని. కళ్ళు సరిగా కనబడటం లేదన్నాను.

మొదటి మంచు పడ్డాక మా పెరట్లో దేవదారు కొమ్మలు కోసుకొచ్చి కూర్చున్నాను. నాకు చేతకాని పని. రెండుసార్లు విప్పి మళ్ళీ కట్టాను. దాన్ని పట్టుకుని కొండ దిగాను. ఆర్డిస్ తలుపు తీసి దండ వంక చూసింది, నా వంక చూసింది.

"వంకరగా ఉంది" అంది.

"ఉంటే ఉంది. పాతదానికంటే వెడల్పుగా కట్టాను. ఒక్క అక్షరం కూడా కనబడదు."

ఆర్డిస్ పక్కకి జరిగి దారిచ్చింది. "సుత్తి సొరుగులో ఉంది" అంది. "కాళ్ళు తుడుచుకుని రా, ఇది ప్లమ్లీ వాళ్ళిల్లు."