మేడమ్ కాబా విప్పిన ఉదయం

పన్నెండు గంటలకు పరీక్ష. గోడ గడియారం ఎనిమిదిన్నర చూపిస్తోంది. అరబా నోటుపుస్తకం మూసి, తెరిచి, మళ్లీ మూసింది.

కుట్టుపనివాళ్ల సంఘం పెట్టే పరీక్షలో ఆమె ఇప్పటికి రెండుసార్లు తప్పింది. ఈసారీ తప్పితే జాబితాలోంచి పేరు కొట్టేస్తారు. ఆ తర్వాత టాకొరాడీ బజారులో సొంత కొట్టు పెట్టుకోవడం కల్ల. మూడేళ్ల శిష్యరికం ఇస్త్రీపెట్టెలో బొగ్గుల్లా బూడిదైపోతుంది.

కిటికీ పక్కన తోటి శిష్యురాలు మాన్సా కళ్లు మూసుకుని వల్లె వేస్తోంది. "ఛాతీ ముప్పై ఆరు, నాలుగో వంతు తొమ్మిది, చంక లోతు ఎనిమిది..." మాన్సాకు ఒక్కసారి వింటే చాలు, పాటలా పట్టేస్తుంది.

"కూచుని చదవవే," అంది కళ్లు తెరవకుండానే. "అలా అటూ ఇటూ తిరిగితే అంకెలు అరికాళ్లలోంచి ఎక్కుతాయా?"

"ఎక్కినవి చెవుల్లోంచి దిగిపోతున్నాయి."

"అయితే దూది పెట్టుకో."

అరబాకు నవ్వు రాలేదు. ఆ నోటుపుస్తకం మూడుసార్లు తిరగరాసింది. రంగు సిరాలతో గీతలు గీసింది. మాన్సా చేత పైకి చదివించుకుంది. ఏం లాభం? కత్తెర గుడ్డను తాకగానే బుర్ర ఖాళీ. మొద్దు అని ముద్ర కూడా పడిపోయింది.

నిజంగా మొద్దేనా? జడలు అల్లడంలో ఈ వీధిలో ఆమెను మించినవాళ్లు లేరు. మరి అది ఎవరు నేర్పారు? ఎవరూ నేర్పలేదు. చిన్నప్పుడు అక్కల పాత జడలు విప్పే పని ఆమెది. శనివారం శనివారం దువ్వెన తోకతో ఒక్కో పాయా విడదీసేది. విప్పగా విప్పగా, ఒకరోజు చేతులు వాటంతటవే అల్లేశాయి.

అరబా ఉన్నచోటే ఆగిపోయింది.

ఇన్నాళ్లూ అందరిలాగే మొదటి నుంచి నేర్చుకోబోయింది. ఆమె చేతులకు దారి తెలిసేది చివరి నుంచి వెనక్కి నడిచినప్పుడే! అంటే ఇప్పుడు కావలసింది నోటుపుస్తకం కాదు, కుట్టడం పూర్తయిన కాబా. పండుగలకీ చావులకీ ఆడవాళ్లు తొడుక్కునే ఆ రవికలు కొట్లో ఒక్కటీ మిగల్లేదు. గిరాకీవాళ్లు నిన్ననే పట్టుకుపోయారు.

తలుపు వెనక ఒకటి వేలాడుతోంది. నీలం గుడ్డ మీద తెల్ల పిచ్చుకలు. గురువు మేడమ్ బాబాది. శిష్యురాళ్ల వెంట పరీక్షకు వెళ్లేటప్పుడు తొడుక్కోవడానికి పదకొండింటికి వస్తానంది.

అరబా దాన్ని దించి బ్లేడు తీసింది.

"ఏయ్! పిచ్చి పట్టిందా? అది మేడమ్‌ది!"

"తెలుసు."

"చంపేస్తుందే!"

"పరీక్ష తప్పితే ఎలాగూ చచ్చినట్టే. నువ్వు గుమ్మం దగ్గర కాపలా ఉండు."

"నాకేం తెలీదు. నేనేం చూళ్లేదు. అసలు నేనిక్కడ లేను," అంటూనే మాన్సా గుమ్మం దగ్గరికి పరిగెత్తింది.

ముందు అంచు విడిపోయింది. తర్వాత పక్క కుట్లు. ఊడిన వరసలోనే ముక్కల్ని బల్ల మీద పేర్చుకుంటూ పోయింది. కాబా కుడి చెయ్యి విడివడగానే చంక దగ్గర వంపు ఎందుకు అంత లోతో ఆమె వేళ్లకు తెలిసింది. ఎనిమిది ఇప్పుడు అంకె కాదు. చెయ్యి పైకెత్తితే గుడ్డ పట్టేయకుండా వదిలిన చోటు.

ఎడమ చెయ్యి విప్పి బల్ల మీద పరిచింది.

ఒంటి ముక్కల మీద పిచ్చుకలు పైకి ఎగురుతున్నాయి. ఈ ముక్క మీద తలకిందులుగా నేలకు దూకుతున్నాయి. గుడ్డను తిరగేసి కత్తిరించారు! ఇదే తప్పు చేసినందుకు శిష్యుల్ని కొలత టేపుతో బాదే మేడమ్, ఈ కాబా తొడిగినప్పుడల్లా ఎండనకా వాననకా ఎడమ భుజం మీద పైగుడ్డ కప్పుకుని తిరిగే మేడమ్...

"వచ్చేస్తోంది!" అంది మాన్సా గుమ్మంలోంచి.

గడియారం పది కొట్టింది. గంట ముందే.

మేడమ్ లోపలికి వచ్చి మొక్కజొన్న కెంకే ముద్దల బుట్ట కింద పెట్టింది. బల్ల వైపు చూసింది.

"నా కాబా ఏదే?"

"ఇదే మేడమ్."

"ఇది కాబానా? మసిగుడ్డలు! మూడేళ్లు పని నేర్పితే నా బట్టలే కోసేస్తావా?"

"కొయ్యలేదు మేడమ్, విప్పాను. మీరు చెబితే నాకు ఎక్కట్లేదు. విప్పితే ఎక్కుతోంది."

మేడమ్ చూపు ఎడమ చేతి ముక్క మీద పడింది. అక్కడి నుంచి మెల్లగా అరబా మొహం మీదికి వచ్చింది.

"చూశావా?"

"చూశాను."

"నా పరీక్ష నాడు నేనే కత్తిరించింది ఇది. మార్చడానికి గుడ్డ మిగల్లేదు. పైగుడ్డ కప్పి గట్టెక్కాను." మేడమ్ స్టూలు లాక్కుని కూర్చుంది. "పదకొండున్నరకి అది నా ఒంటి మీదుండాలి. లేదా, ఈ ఇంటి గౌనుతోనే సంఘం ముందుకొస్తా. ఎందుకలా వచ్చానో కూడా చెబుతా."

అరబా మిషను తొక్కింది. చివర ఊడింది ముందు, ముందు ఊడింది చివర. దారం రెండుసార్లు తెగింది. నోటుపుస్తకం కింద పడితే కాలితో పక్కకు నెట్టింది. ఆఖరి ముడి వేసేసరికి పదకొండూ ఇరవై ఎనిమిది.

పరీక్ష గదిలో కోడిపుంజుల బొమ్మలున్న పసుపు గుడ్డ ఇచ్చారు. పక్క బల్ల మీద మాన్సా పెదాలు కదుపుతూ అప్పుడే కత్తెర ఆడిస్తోంది. అరబా టేపు ముట్టలేదు. కళ్లు మూసుకుని నిలబడింది.

"ఏమ్మా, నిద్రొస్తోందా?" అంది పరీక్ష పెట్టే పెద్దావిడ.

"విప్పుతున్నానమ్మా."

"కుట్టకుండానే?"

గది గొల్లుమంది. వెనక వరసలో మేడమ్ మాత్రం నవ్వలేదు.

అరబా కళ్లు తెరిచింది. పుంజుల కాళ్లు నేల వైపు ఉండేలా గుడ్డ తిప్పింది. అందరూ వీపు ముక్కతో మొదలుపెట్టే చోట ఆమె సుద్ద చేతి ముక్క గీసింది. ఆ తర్వాత కత్తెర ఆగలేదు.

నాలుగింటికి ఫలితాలు చదివారు. మాన్సా పేరు మొదట్లోనే వచ్చింది. అరబా పేరు చిట్టచివర.

గెలిచినవాళ్ల నెత్తిన గురువు పౌడరు చల్లాలి. మేడమ్ డబ్బా మూత ఊడబీకి చెయ్యెత్తింది. పైగుడ్డ జారి నేల మీద పడింది. నేలకు దూకుతున్న పిచ్చుకలు సంఘమంతటికీ కనిపించాయి. ఎవరో కిసుక్కుమన్నారు.

మేడమ్ వంగలేదు, పైగుడ్డ తీయలేదు. డబ్బా మొత్తం అరబా నెత్తిన బోర్లించింది.

"ఇంకోసారి నా బట్టల జోలికొస్తే," అంది తెల్లటి పొడి మధ్యలోంచి, "ఆ చేతులు విరిచేస్తా."